గుర్రప్పిల్లకు పొడి పక్క

పదకొండు నెలలు కడుపున ఉండి పుట్టిన గుర్రప్పిల్ల గంట తిరిగేలోగా వణికే కాళ్ల మీద లేచి నిలబడుతుంది. మరో గంటకు పొదుగు వెతుక్కుంటుంది. ఆ చురుకు చూసి దానికి ఢోకా లేదనుకుంటాం. నిజానికి అప్పటికి దాని రక్తంలో రోగాలను ఎదుర్కొనే యాంటీబాడీలు దాదాపు ఉండవు. మనిషి బిడ్డకు అవి తల్లి కడుపులో ఉండగానే మాయ ద్వారా చేరతాయి. గుర్రం మాయ వాటిని దాటనివ్వదు. కాబట్టి ముర్రుపాలే దిక్కు. వాటిలోని యాంటీబాడీలను పేగు రక్తంలోకి చేరవేసేది తొలి కొద్ది గంటల్లోనే ఎక్కువ. ఒక రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. రోజు వయసు పిల్ల రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే నిశ్చింత. 400 లోపుంటే పశువైద్యులు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించడానికి సిద్ధపడతారు.

ఇంత బలహీనంగా ఉన్న రోజుల్లోనే పిల్ల ఎక్కువసేపు పడుకుని ఉంటుంది. ఒంటికి తగిలేది కింద పరిచిన గడ్డి. అందులో లద్దె, మూత్రం, ఉమ్మనీరు నానుతుంటాయి. మందుల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ గడ్డి మీద పెట్టడం లేదన్నదే నా బాధ.

తడి ఎంత పని చేస్తుందో డెర్మటోఫైలస్ కాంగోలెన్సిస్ అనే బ్యాక్టీరియాను చూస్తే తెలుస్తుంది. 1915లో వాన్ సాసెగెమ్ అనే పశువైద్యుడు దీన్ని బెల్జియన్ కాంగోలోని పశువుల్లో గుర్తించాడు. పేరులోని కాంగో అదే. పుండు మీద ఎండిన పక్కులో ఇది నెలల తరబడి కదలకుండా ఉండగలదు. తడి తగిలిందా, తోకల్లాంటి కశాభాలున్న సూక్ష్మ బీజాలు బయటికొచ్చి ఈదుతాయి. నానిన చర్మంలోనో, ఈగ కుట్టిన గాయంలోనో దూరతాయి. వేలితో తడిమితే వెంట్రుకల కింద గరుకైన పక్కులు తెలుస్తాయి. ఒకటి ఊడితే వెంట్రుకలు రంగుల కుంచెలా గుత్తిగా పక్కుతోపాటే వచ్చేస్తాయి. అడుగున ఎర్రటి పచ్చి చర్మం, కొంచెం చీము. ఆ పక్కును నలిపి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, గుండ్రటి కణాలు జంట వరుసల్లో రైలు పట్టాల్లా కనిపిస్తాయి. పక్కులను బలవంతంగా పీకకూడదు, పిల్లకు చాలా నొప్పి. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు కలిపిన నీటితో నానబెట్టి మెల్లగా తీయాలి, ఒళ్లు పూర్తిగా ఆరబెట్టాలి, తీసిన పక్కులను శాలలో పడేయకూడదు. ఇది మనుషులకూ అంటుతుంది, చేతి తొడుగులు తప్పనిసరి.

చర్మానికి సోకే మరో బ్యాక్టీరియా స్టెఫైలోకాకస్ సంగతి వేరు. దాన్ని గడ్డే కాదు, మన చేతులూ మోసుకొస్తాయి. ఆరోగ్యవంతుల ముక్కుల్లోనూ అది ఉంటుంది. ముక్కు తుడుచుకున్న చేత్తో, వేరే గుర్రాన్ని తోమిన బ్రష్షుతో పిల్లను ముట్టుకుంటే రోమకూపాల్లో చీముపొక్కులు లేస్తాయి. పిల్ల దగ్గరికి వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని బ్రష్షు దానికే ఉండాలి.

బొడ్డును 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో ముంచడం మంచిది. 7 శాతం అయోడిన్ లేత కణజాలాన్ని కాలుస్తుంది. బొడ్డులోంచి దూరిన క్రిములు కీళ్లకు చేరితే పిల్ల కుంటుతుంది. పుట్టిన వారం, రెండు వారాల మధ్య చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. అప్పుడు పిరుదులు కడిగి, తుడిచి, వాసెలిన్ రాయకపోతే చర్మం ఒరుసుకుపోతుంది, వెంట్రుకలు రాలతాయి.

శాల శుభ్రం చేయడంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఒకటుంది: లద్దె మీదే మందు చల్లేయడం. బ్లీచింగ్ ద్రావణం బలమంతా ఆ మురికితోనే సరిపోతుంది, క్రిముల దాకా రాదు. పైగా మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది. ముందు గడ్డంతా ఎత్తేయాలి, సబ్బునీళ్లతో రుద్ది కడగాలి, ఆరనివ్వాలి. మందు ఆ తర్వాతే. మందు కూడా ఆరాకే కొత్త గడ్డి పరవాలి.

గడ్డి సరిపడా పొడిగా ఉందో లేదో చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. పిల్ల పడుకునే చోట ఒక నిమిషం మోకాళ్ల మీద కూర్చోండి. లేచేసరికి మోకాళ్ల దగ్గర బట్ట చెమ్మగిల్లితే, ఆ రాత్రికి ఆగకుండా వెంటనే గడ్డి మార్చండి.