తోటలో సాలీడు: అపోహలు, వాస్తవాలు

పంటల్లో మిత్రపురుగుల గురించి చెప్పడం నా పని. మిద్దెతోటల వాళ్లు పంపే ఫొటోల్లో తరచుగా వచ్చేది ఒకటుంది: గూటి నడుమ కాళ్లను జతలుగా చాపి, తల కిందికి పెట్టి, ఇంటూ గుర్తులా కూర్చున్న సాలీడు. పొట్ట మీద పసుపు పట్టీలు, తల వైపు వెండి రంగు నూగు. సిగ్నేచర్ స్పైడర్ అంటారు. మన తోటల్లో ఉండే ఒక జాతి పేరు ఆర్జియోపె అనసూజ. ఎనిమిది కాళ్లది కాబట్టి కీటకం కాదు, అయినా మా లెక్కలో మిత్రపురుగే. ఫొటో వెంటే ప్రశ్న: "చంపేయమంటారా?" శ్రీకాళహస్తిలో సాలీడుకు శివసాయుజ్యం దక్కిందని చెప్పుకునే మనమే ఇంట్లో చీపురు వెతుకుతాం.

అపోహ: ఒంటి మీద పాకినా, మూత్రం పోసినా పొక్కులు వస్తాయి.

వాస్తవం: సాలీడు విసర్జించేది తెల్లటి చిక్కటి పదార్థం. దానికి చర్మం పొక్కదు. నిద్ర లేచేసరికి మెడ మీదో మోచేతి మడతలోనో గీత గీసినట్టు మంటా పొక్కులూ కనిపిస్తే, అది చాలావరకు పెడెరస్ అనే పురుగు వల్లే. సెంటీమీటరు లోపు పొడవు, నారింజ, నలుపు పట్టీలు. వానల తర్వాత ట్యూబులైటు చుట్టూ చేరుతుంది. అది కుట్టదు, కరవదు. చేత్తో నలిపినప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసాయనం మన చర్మానికి అంటుకుంటుంది. మంట మొదలయ్యేది మర్నాడో ఆ మర్నాడో. అప్పటికి పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు, మూలనున్న సాలీడు మాత్రం కంటికి ఆనుతుంది. ఆ పురుగు వాలితే నలపకుండా ఊదేసి, సబ్బుతో కడుక్కోండి.

ఒంటికి ఒకవైపే పట్టీలా, నొప్పితో పొక్కులు లేస్తే సర్పి అయి ఉండవచ్చు. ఆటలమ్మ వైరస్ మళ్లీ తలెత్తితే వచ్చే జబ్బు ఇది. మందులు 72 గంటల్లోపు మొదలైతేనే ఎక్కువ మేలు. సాలీడు విషమని పసరు పూసుకుంటూ ఆ మూడు రోజులూ పోగొట్టుకుంటున్నారు. నా కోపమంతా దీని మీదే.

అపోహ: కరిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

వాస్తవం: విషం ఉంది, ఈగలకూ మిడతలకూ సరిపడా. వేళ్లతో నొక్కి పడితే కరవవచ్చు. కాసేపు నొప్పి, కొంచెం వాపు. అలర్జీ ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. మామూలుగా గూడు కదిలితే అది ఊగిపోతూ గూటిని ఊపుతుంది, లేదా దారం వదులుతూ కిందికి జారుకుంటుంది. వేట మాత్రం చూసి తీరాలి. మిడత పడితే మొదట తన వెనక కాళ్లతో పట్టుదారాలు విసిరి మూట కట్టేస్తుంది, ఆ తర్వాతే కాటు. సీతాకోకచిలుక పడితే వరస మారుతుంది: రెక్కల పొలుసులు రాలి తప్పించుకుంటుందని ముందే కరిచేస్తుంది.

అపోహ: పక్కనున్న చిన్నది దాని పిల్ల.

వాస్తవం: మగది అయి ఉండవచ్చు. ఆడదానిలో సగం కూడా ఉండదు.

అపోహ: సాలీడు ఉంటే పురుగుల బెడద ఉండదు.

వాస్తవం: ఇది మా వాళ్లే పెంచిన అపోహ. గూట్లో పడిందే దానికి తిండి, తేనెటీగ అయినా సరే. ఆకు అడుగున అంటుకున్న పిండినల్లికి వేప ద్రావణం మీరే కొట్టాలి, గూటి మీద పడకుండా. గూడు దారికి అడ్డమైతే సాలీడును పుల్ల మీదికి ఎక్కించి పక్క కుండీలో వదలండి. తెల్లవారేసరికి కొత్త గూడు అల్లుకుంటుంది.