చుక్కలు పెట్టకుండా ముగ్గు వేయవచ్చా? సర్ఫేస్ డిజైన్‌పై అపోహలు – వాస్తవాలు

తొమ్మిదేళ్లు బెంగళూరులో యాప్‌ల తెరలు గీశాను; ఆ పనినే ప్రోడక్ట్ డిజైన్ అంటారు. డబ్బు పంపే బటన్ ఎక్కడ ఉండాలి, బొటనవేలికి అందుతుందా లేదా, ఇదే నా లోకం. నాలుగేళ్లుగా దుప్పట్లకు, గోడ కాగితాలకు, మిఠాయి పెట్టెలకు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను; ఇలా వస్తువుల పైభాగాన బొమ్మలు వేయడమే సర్ఫేస్ డిజైన్. బెళ్లందూరు నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో నెలకు ఒకరిద్దరు తెలుగు పిల్లలు ఫోను చేస్తారు. "అక్కా, ప్రోడక్ట్ డిజైన్ విసుగు వచ్చేసింది. హాయిగా బొమ్మలు వేసుకుందామని ఉంది" అంటారు. ఆ "హాయిగా" దగ్గర నాకు నవ్వు ఆగదు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచి బొమ్మను పక్కపక్కన పేర్చితే ప్యాటర్న్ అయిపోతుంది.

నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి దుప్పటి డిజైను మల్లెతీగ, చిలకలు. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంది. రెండు మీటర్ల గుడ్డ మీద అచ్చు వేయించి పరిస్తే చిలకలన్నీ రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డాయి. వాటి మధ్య ఖాళీ దున్నిన చేనులా చాళ్లు కట్టింది. బొమ్మ వేసేటప్పుడు మన కన్ను బొమ్మనే చూస్తుంది. గుడ్డ పరిచాక ఎదుటివారి కన్ను ఖాళీని చూస్తుంది.

మా అమ్మ ఒక్క చూపు చూసి, "సరి చుక్కలు పెట్టావు, దీనికి సందు చుక్కలు కావాలి" అంది. డిజైన్ పాఠాల్లో నేను వారం తంటాలు పడ్డ సంగతి ఇదే. సరి చుక్కల ముగ్గులో ఒక వరుస కింద ఇంకో వరుస నిటారుగా వస్తుంది. అది స్ట్రెయిట్ రిపీట్; రిపీట్ అంటే బొమ్మ మళ్లీ మళ్లీ వచ్చే తీరు. సందు చుక్కల్లో కింది వరుస సగం పక్కకు జరుగుతుంది; అది బ్రిక్. అలా పక్కకు జరగకుండా, పక్కనున్న నిలువు వరుస సగం కిందికి దిగితే హాఫ్ డ్రాప్. ముగ్గులు వేసే ఇంట్లో పుట్టినవారికి ఈ లెక్క చేతిలోనే ఉంటుంది, పేర్లే కొత్త.

ఆ తర్వాత యంత్రం లెక్క. రోటరీ స్క్రీన్ అంటే గుడ్డ మీద రంగు దించే గొట్టంలాంటి జల్లెడ. దాని చుట్టుకొలత మామూలుగా 64 సెంటీమీటర్లు. గొట్టం ఒక చుట్టు తిరిగేసరికి బొమ్మ మళ్లీ మొదటికి రావాలి. కాబట్టి మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఎత్తు 64, 32, 16 ఇలా 64ను శేషం మిగలకుండా భాగించేదిగా ఉండాలి. నేను 30 పెట్టాను, చూడటానికి నిండుగా ఉందని. మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది. ఇంకొకటి: చిలకలన్నీ ఒకే దిక్కుకు నిలబడితే దర్జీ ముక్కలన్నీ అదే దిక్కుకు కత్తిరించాలి, గుడ్డ వృథా అవుతుంది. అందుకే కుర్తా గుడ్డల మీద పూలు అన్ని వైపులకూ దొర్లినట్టు ఉంటాయి. కళాకారుడి చిలిపితనం అనుకునేదాన్ని. కాదు, కత్తెర కోసం.

అపోహ: రంగులు ఎన్నయినా వాడవచ్చు.

డిజిటల్ ప్రింటింగ్‌లో అయితే వాడవచ్చు. మాగడి రోడ్డు వైపు ఒక స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్‌కు నా చిలకల ఫైలు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన హిందూపురం మనిషి. కళ్లజోడు పైకి నెట్టి లెక్కపెట్టి, "అమ్మా, పద్నాలుగు రంగులు. పద్నాలుగు స్క్రీన్లకు డబ్బు ఎవరిస్తారు?" అన్నారు. రంగుకో స్క్రీను. ఆరు రంగులకు కుదించాక డిజైను ముందుకంటే బాగుంది, అది వేరే సంగతి.

మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. అక్కడ టేకు అచ్చులు కూడా రంగుకొకటి. గీతకు ఒక అచ్చు, నింపడానికి ఇంకొకటి. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డ మీద ముందు పడ్డ గీతను కంటితోనే పట్టుకుని రెండో అచ్చు దింపుతారు. యాప్ డిజైనర్లు ఒక్కసారైనా వెళ్లి ఆ బల్ల పక్కన అరపూట నిలబడాలని నా పట్టుదల.

తెర మీద మెరిసే రంగు గుడ్డ మీద మెరవదు. తెర వెలుగునిస్తుంది, గుడ్డ వెలుగును తాగుతుంది. రంగులకు నంబర్లు పెట్టిన ప్యాంటోన్ పట్టికలు ఉంటాయి; నూలు గుడ్డ పనికి అందులోని టీసీఎక్స్ నంబరు ఇవ్వండి, కాగితం పనికి వేరే నంబర్లు. "కొంచెం ముదురు గులాబీ" అని వాట్సాప్‌లో రాయకండి.

అపోహ: ఐప్యాడ్ కొనకపోతే ఈ పని మొదలుకాదు.

కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కృతా ఉచితం. అందులో డబ్ల్యూ నొక్కితే మీరు గీస్తున్నది నాలుగు వైపులా పునరావృతమై కనిపిస్తుంది. చాలు.

అపోహ: ఆర్ట్ కాలేజీ పట్టా ఉండాలి.

బాపు చదివింది న్యాయశాస్త్రం. ముందుకు వెళదాం.

అపోహ: ప్రోడక్ట్ డిజైన్‌లో గడిపిన ఏళ్లు వృథా.

నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎవరి కోసం, ఎక్కడ, ఎంత దూరం నుంచి చూస్తారు అని అడగడం, ఫైళ్లకు పేర్లు సరిగ్గా పెట్టడం, పది మంది ముందు తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకోకపోవడం, ఇవన్నీ అక్కడ నేర్చుకున్నవే. చెడింది చెయ్యి. మొదటి ఏడాది నా ఆకులన్నీ యాప్ ఐకాన్లలా ఉండేవి: ఒకే మందం గీత, ఒకే వంపు, ఎడమ కుడి సరిసమానం. లాల్‌బాగ్‌లో చెట్ల కింద, కృష్ణరాజ మార్కెట్‌లో బంతిపూల గుట్టల దగ్గర, రబ్బరు లేకుండా పెన్నుతో గీస్తూ ఎనిమిది నెలలు తిరిగితే గీతకు కాస్త ప్రాణం వచ్చింది.

అపోహ: నా బొమ్మ కింద నా సంతకం ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇది అందరూ చదవాలి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం నమోదు తప్పనిసరి కాదు, నిజమే. కానీ 15వ సెక్షన్‌లో మెలిక ఉంది. డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయకుండా, మీరో మీ అనుమతితో మరొకరో పారిశ్రామిక పద్ధతిలో వస్తువుల మీద 50 సార్లకు మించి వేస్తే, ఆ డిజైనులో కాపీరైట్ అక్కడితో ఆగిపోతుంది. దుప్పట్ల మిల్లుకు యాభై ఎంత? సోఫా గుడ్డల మీది డిజైన్ల కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు ఈ నిబంధననే వర్తింపజేసింది. నమోదు చేస్తే పదేళ్ల రక్షణ, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అయితే నమోదుకు ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి మురిసిపోతే కొత్తదనం పోయినట్టే, దరఖాస్తు నిలవదు.

హక్కులు రాసిచ్చే కాగితం మీద కాలం రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని లెక్క. నేను మొదట్లో ఒక గోడ కాగితాల వ్యాపారికి "అన్ని హక్కులూ, శాశ్వతంగా" అని ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. ఆ పూలు ఇప్పుడు మా వీధి చివర దంతవైద్యుడి గోడ మీద ఉన్నాయి. పన్ను నొప్పి వచ్చినప్పుడల్లా చూసుకుంటాను.

అపోహ: ముందు ఉద్యోగం మానేస్తే పని అదే వస్తుంది.

దీపావళి పెట్టెల పని ఎండాకాలంలో వస్తుంది, డబ్బు దీపావళి దాటాక వస్తుంది. రాయల్టీ, అంటే అమ్మకాల మీద మనకు వచ్చే వాటా, మామూలుగా టోకు ధర మీద కడతారు, దుకాణంలో చీటీ మీద ఉన్న ధర మీద కాదు. నా బొమ్మలు వాడుకునే లైసెన్సు ఒప్పందాలు మూడు చేతికి వచ్చాకే నేను రాజీనామా ఇచ్చాను. ఈలోగా రాత్రిళ్లు గీసేవారు రెండు చూసుకోండి: బయటి పనికి మీ ఉద్యోగ ఒప్పందం ఒప్పుకుంటుందా, గీస్తున్నది ఆఫీసు ల్యాప్‌టాప్ మీదా. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే.

అపోహ: బొమ్మల పనిలో క్లయింట్ల గోల ఉండదు.

నిన్న ఒకావిడ చిలక ముక్కు కాస్త నవ్వుతున్నట్టు పెట్టమన్నారు. పెట్టాను.