ఒడ్డు మీద చేసిన తప్పు నడి చెరువులో బయటపడుతుంది: పడవలు, ట్రాలీలపై అపోహలు - వాస్తవాలు

చెరువులు నిండి మత్తడి దూకుతున్నాయంటే మన దగ్గర పడవలకు పని మొదలవుతుంది. మత్స్య సంఘాల ఫైబర్ పడవలు, లక్నవరం లాంటి చోట పర్యాటకుల బోట్లు, వరదలొస్తే అర్ధరాత్రి ఎత్తుకుని ఉరికే రెస్క్యూ బోట్లు. వీటిలో చాలావరకు ట్రాక్టర్ వెనకో, బొలెరో వెనకో ట్రాలీ మీద తిరిగేవే. నీళ్ల మీద జరిగే ప్రమాదానికి కారణం వెతుకుతూ వెనక్కి పోతే ఎక్కువసార్లు ఒడ్డు మీదే దొరుకుతుంది: బిగించని బిరడా (పడవ అడుగున నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే మూత), చూడని బేరింగు, ఒడ్డునే వదిలేసిన లైఫ్ జాకెట్టు.

అపోహ: ముందు వించ్ బిగిస్తే చాలు, పడవ ఎటూ పోదు.

వించ్ అంటే పడవను ట్రాలీ మీదికి లాగే చేతి చక్రం. దాని బెల్టు పడవ ముక్కును ట్రాలీ ముందున్న స్తంభానికి ఆనించి ఉంచుతుంది, అంతే. గుంతలో చక్రం పడ్డప్పుడు వెనక భాగం ఎగిరి పక్కకు పడితే దాన్ని ఆపే శక్తి వించ్‌కు లేదు. వెనక రెండు మూలల నుంచి ట్రాలీ ఫ్రేముకు రెండు రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించేవి), ముక్కుకు వించ్‌తో సంబంధం లేని గొలుసు ఒకటి తప్పనిసరి. నైలాన్ తాడు వద్దు. తడిస్తే సాగుతుంది. హన్మకొండలో బయల్దేరేటప్పుడు బిగువుగా ఉన్న కట్టు ములుగు చేరేలోపే వదులైపోతుంది. పాలిస్టర్ బెల్టు అంతగా సాగదు. పది కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి, చేత్తో లాగి చూడండి.

అపోహ: పడవను వెనక్కి జరిపితే హుక్ మీద బరువు తగ్గుతుంది, బండి తేలిగ్గా లాగుతుంది.

బండికి తేలిగ్గానే అనిపిస్తుంది, వేగం పెరిగేదాకా. హుక్ మీద బరువు సరిపోకపోతే ట్రాలీ పాము తోకలా ఊగడం మొదలుపెడుతుంది. పడవ, ఇంజను, ట్రాలీ కలిపి ఉన్న మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం హుక్ మీద పడాలి. 600 కిలోల లోడైతే 30 నుంచి 60 కిలోలన్నమాట. కొలవడానికి మనుషుల బరువు చూసే కాంటా చాలు. చక్రాలకు ఎదురు రాళ్లు పెట్టి, హుక్ కప్పును బండికి తగిలించే ఎత్తులోనే ఉంచి, కింద మొద్దు, దాని కింద కాంటా పెట్టండి. తక్కువ వస్తే పడవను కాస్త ముందుకు జరపాలి. ఊగుడు మొదలయ్యాక బ్రేకు తొక్కితే ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి.

బాల్ హిచ్ (బండికున్న గుండ్రటి బాల్ మీద ట్రాలీ కప్పు కూర్చునే తగులు) ఉన్నవాళ్లకు ఒక మాట. కప్పు మీద రాసి ఉన్న సైజు, బాల్ సైజు ఒకటే ఉండాలి. లాక్ వేశాక ట్రాలీ జాకీ ఒకటి రెండు చుట్లు పైకి తిప్పండి. బండి వెనక భాగం కూడా లేచిందంటే కప్పు పట్టుకున్నట్టు. కప్పు ఒక్కటే లేచిందంటే అది బాల్ మీద ఊరికే కూర్చుంది.

అపోహ: చెరువు చేరగానే ట్రాలీని నీళ్లలోకి దింపేయొచ్చు.

బోటు ట్రాలీల బేరింగులు ఎక్కువగా పాడయ్యేది ఈ ఒక్క తొందర వల్లే. హన్మకొండ నుంచి లక్నవరం దాకా గంటన్నర పైగా తిరిగిన హబ్బు (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) చేయి పెడితే చురుక్కుమనేలా ఉంటుంది. దాన్ని అలాగే చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ సీల్ అంచు నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు. ఇంటికి కూడా బాగానే వస్తుంది. నెల తర్వాత ఎక్కడో రోడ్డు మీద బేరింగు అరిగి, బిగుసుకుని, చక్రమే ఊడిపోతుంది.

చేరాక 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. ఆ టైములో చేయాల్సిన పనులు ఎలాగూ ఉన్నాయి. సీజన్ మొదట్లో హబ్బు మూత విప్పి కొద్దిగా గ్రీజు వేళ్ల మధ్య రుద్ది చూడండి. రంగు మారకుండా జిగటగా ఉంటే మంచిదే. పాలు కలిపినట్టు తెల్లబడి జారిపోతుంటే లోపలికి నీళ్లు చేరాయి. మీద మీద కొత్త గ్రీజు కొడితే లాభం లేదు. బేరింగులు తీసి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, గుండ్లు నల్లబడ్డాయా, గీతలు పడ్డాయా చూసి, కొత్త ఆయిల్ సీల్ వేసి, నీటికి తట్టుకునే గ్రీజు నింపాలి.

అపోహ: ఒడ్డుకు పోయాక అన్నీ సర్దుకోవచ్చు.

వాలులో ట్రాలీ నిలబెట్టి చేసే ప్రతి పనీ ప్రమాదమే. కట్ట ఎక్కకముందే, చదును నేల మీదే పనులు ముగించాలి. బిరడా బిగించి చేత్తో తిప్పి చూడాలి. సామాను ఎక్కించాలి. ముక్కుకు ఒక పొడవైన తాడు కట్టాలి. ఇంజను పైకి వంచాలి. ట్రాలీ లైట్ల ప్లగ్గు పీకాలి, వేడెక్కిన బల్బు నీళ్లు తగిలితే పగులుతుంది. వెనక బెల్టులు విప్పాలి. వించ్, ముక్కు గొలుసు మాత్రం నీళ్లు తగిలాకే. వాటిని ముందే విప్పితే పడవ జారి రాతి కట్టు మీద పడుతుంది.

రివర్స్‌లో తికమకపడేవాళ్లకు చిట్కా: స్టీరింగ్‌ను అడుగు భాగంలో పట్టుకోండి. చేయి కుడికి జరిపితే ట్రాలీ వెనక భాగం కుడికి పోతుంది, ఎడమకైతే ఎడమకు. కొద్ది కొద్దిగా తిప్పాలి. ట్రాలీ మడత పడుతుంటే ఆగి, ముందుకు వచ్చి, మళ్లీ మొదలుపెట్టాలి.

శిఖం (చెరువు లోపలి నేల) వైపు నుంచి దించేవాళ్లు ముందు నడిచి చూడాలి. పైన ఎండి పర్రెలు విచ్చిన నల్లరేగడి కింద మెత్తటి బురద ఉంటుంది. పూడిక తీసిన చెరువుల్లో మోకాల్లోతు నీళ్ల పక్కనే నిలువులోతు గుంత ఉండొచ్చు. గడతో పొడిచి చూడకుండా ట్రాక్టరునూ దించొద్దు, మనిషినీ దించొద్దు.

అపోహ: అడుగున కొద్దిగా నీళ్లుంటే ఏం కాదు.

లెక్క వేయండి. 4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న చదును అడుగు పడవలో 5 సెంటీమీటర్ల నీళ్లంటే 240 లీటర్లు, అంటే 240 కిలోలు. ముగ్గురు పెద్దవాళ్ల బరువు కంటే ఎక్కువ. మనుషులైతే కూర్చున్న చోటే ఉంటారు. నీళ్లు అలా ఉండవు. పడవ ఎటు వంగితే బరువంతా అటే పరుగెత్తి ఇంకా వంచుతుంది. మడమ తడిసే నీళ్లే ఇంత పని చేస్తాయి. తోడే డబ్బా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. కట్టకపోతే అవసరానికి అదే ముందు కొట్టుకుపోతుంది.

ఎంతమంది ఎక్కాలో చెప్పేది పడవ మీది ప్లేటు, సీట్ల సంఖ్య కాదు. ఆ బరువులో ఇంజను, పెట్రోలు, ఐస్ పెట్టె, తడిసిన వల అన్నీ లెక్కే. ప్లేటు లేని పాత పడవలకు మేం పాటించేది ఇదీ: అందరూ కూర్చున్నాక నీళ్లకూ అంచుకూ మధ్య జానెడు లేకపోతే ఒకరు దిగాలి. చంటిపిల్ల కదా అని ఒడిలో పెట్టుకున్నా బరువు బరువే.

అపోహ: ఈత వచ్చినవాడికి లైఫ్ జాకెట్ ఎందుకు?

చిన్నప్పటి నుంచి బావుల్లో దూకినవాళ్లే ఈ మాట ఎక్కువ అంటారు. బావిలో గుర్రపు డెక్క లేదు, కాళ్లకు చుట్టుకునే తామర తీగ లేదు, వల లేదు. పడవ బోల్తా కొట్టినప్పుడు తలకు దెబ్బ తగిలితే ఈత గుర్తుండదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో కాజీపేట పక్కన ఉన్న కడిపికొండ వాళ్లూ ఉన్నారు. ఆ ఊరి దుఃఖం హన్మకొండ జిల్లాకు ఇంకా గుర్తుంది. జాకెట్టు గురించి చెప్పేటప్పుడు మొహమాటపడకండి. తొడగనివాళ్లను ఎక్కించుకోకండి.

నీళ్లలో పడ్డాక జాకెట్టు తొడుక్కోవడం దాదాపు అసాధ్యం. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది ఆ మనిషికి పెద్దది. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే కావాలి. జాకెట్టును మెత్తగా వేసుకుని కూర్చునే అలవాటు మాన్పించండి, లోపలి ఫోమ్ అణిగిపోయి తేలే శక్తి తగ్గుతుంది. బోల్తా పడితే పడవనే పట్టుకుని ఉండాలి. ఒడ్డు కనిపించేంత దగ్గర ఉండదు, పైగా వెతికేవాళ్లకు తల కంటే పడవే ముందు కనిపిస్తుంది.

అపోహ: ఇంజను ఆన్ అవుతుందో లేదో ఒడ్డు మీదే రెండు నిమిషాలు తిప్పి చూడాలి.

చూడాలి, కానీ నీళ్ల డ్రమ్ములో. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజనుకు చల్లదనం ఇచ్చేది చెరువు నీళ్లే. వాటిని పైకి తోసేది ఒక చిన్న రబ్బరు ఇంపెల్లర్. పొడిగా తిరిగితే క్షణాల్లో కాలిపోతుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ వెనక సన్నటి ధార కొడుతుండాలి. ధార సన్నబడితే నాచో, డెక్క వేర్లో నీళ్లు పీల్చే జాలికి అడ్డుపడ్డట్టు. వెంటనే ఆపండి.

పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ ఎక్కువ పోస్తే మంచిదన్నదీ తప్పే. ప్లగ్గు నల్లబడి నడి చెరువులో ఆగిపోతుంది. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200. బైకు ఆయిల్ కాదు, పడవ ఇంజన్ల కోసమే చేసిన టీసీ-డబ్ల్యూ3 రకం వాడాలి. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోలులో ఆయిల్ కలపనే కూడదు.

చిన్న ఇంజన్లలో నీళ్లను తోసే ఫ్యానును షాఫ్టుకు పట్టి ఉంచేది ఒక మెత్తటి షియర్ పిన్ను. మునిగిన మొద్దుకు తగిలితే అది తెగి గేర్లను కాపాడుతుంది. తెగిందని దాని స్థానంలో మేకు కొట్టేస్తే తర్వాతి దెబ్బకు గేరే పోతుంది. రెండు పిన్నులు, స్ప్లిట్ పిన్ను, కటింగ్ ప్లేయర్ పడవలోనే ఉంచాలి. వల చుట్టుకుంటే ఇంజను ఆపి, కిల్ స్విచ్ (ఇంజను స్టార్ట్ కాకుండా ఆపేది) తాడు పీకి, అప్పుడే చేయి పెట్టాలి.

అపోహ: మత్తడి దగ్గర నీళ్లు నెమ్మదిగానే ఉంటాయి.

పై నుంచి చూస్తే అద్దంలా ఉంటుంది. ఆ నునుపే లాగుతుంది. మత్తడి కింద నీళ్లు గిరికీలు కొట్టి పడవను మళ్లీ గోడ వైపే తోస్తాయి. తూము దగ్గర లాగుడు అడుగున ఉంటుంది కాబట్టి అసలు కనపడదు. ఈ రెండింటికీ దూరంగా నడపడమే కాదు, ఇంజను ఆగిన మరుక్షణం వేయడానికి లంగరు సిద్ధంగా ఉండాలి. తాడు లోతుకు 5 నుంచి 7 రెట్లు ఉండాలి. 3 మీటర్ల లోతుకు 15 నుంచి 21 మీటర్లు. తక్కువైతే లంగరు నేలను పట్టదు, ఈడ్చుకుపోతుంది. కట్టేది ఎప్పుడూ ముక్కుకే. ఇంజను బరువుతో ఎప్పుడూ కిందికే ఉండే వెనక భాగానికి కడితే అలలు లోపలికి ఎక్కుతాయి.

అపోహ: ఇంటికి తెచ్చాక పని అయిపోయింది.

బిరడా తీసి, ముక్కు ఎత్తుగా పెట్టి నీళ్లు పూర్తిగా కారనివ్వండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) లోని ఇథనాల్ తేమ పీలుస్తుంది. మోతాదు మించితే ఇథనాల్, నీళ్లు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజను పీల్చేదీ అడుగు నుంచే. నెలకు మించి ఆపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ కింది డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిందీ వదిలేయాలి. మళ్లీ నింపేటప్పుడు ట్యాంకును పడవలోంచి దించి నేల మీద పెట్టి పోయండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.