హై-రెజ్ తగవులో 2007 మలుపు

పాటను లాస్‌లెస్‌లో, అంటే రికార్డింగులోని సమాచారమేదీ పోకుండా, వినడానికి వేరే చందా దేనికన్న ప్రశ్న మళ్లీ లేచింది. 2025 సెప్టెంబరులో లాస్‌లెస్ మొదలుపెట్టిన స్పాటిఫై, నవంబరులో మన దేశానికి కొత్త ప్లాన్లు ప్రకటిస్తూ దాన్ని నెలకు 299 రూపాయల ప్లాటినంలో పెట్టింది. 199 రూపాయల స్టాండర్డ్ తీసుకున్నవారికి అది లేదు. ఆపిల్ మ్యూజిక్ మాత్రం 2021లోనే 24 బిట్ (ఒక్కో కొలత సూక్ష్మత), 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 కొలతలు) వరకు అదనపు రుసుము లేకుండా ఇచ్చేసింది.

ఈ గొడవలో రెండు తగవులు కలగాపులగమయ్యాయి. కుదించిన ఫైలుకూ సీడీ నాణ్యతకూ తేడా తెలుస్తుందా అన్నది ఒకటి. సీడీని మించిన హై-రెజ్ (హై-రిజల్యూషన్) వల్ల ఒరిగేదేమైనా ఉందా అన్నది రెండోది. స్పాటిఫై ఇస్తున్నది 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అంటే శాంప్లింగ్ రేటు (సెకనుకు కొలతల సంఖ్య) సీడీదే. అయినా వాదనలన్నీ రెండో తగవు చుట్టూనే తిరుగుతున్నాయి.

సీడీ పుట్టుక, ఎంపీ3 రాక అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2007లో వచ్చింది. అప్పటికి సూపర్ ఆడియో సీడీ, డీవీడీ-ఆడియో అనే హై-రెజ్ డిస్కులు మార్కెట్లోకి వచ్చి ఏడెనిమిదేళ్లయింది. బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ఒక పరీక్ష పెట్టారు. హై-రెజ్ డిస్క్ నుంచి వచ్చే ధ్వనిని ఒక దారిలో నేరుగా వినిపించారు. ఇంకో దారిలో అదే ధ్వనిని 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ సీడీ రికార్డర్ గుండా పంపి వినిపించారు. రెండింటి వాల్యూమ్ సమానం చేశారు. ఏది ఏదో చెప్పకుండా గుర్తుపట్టమన్నారు. విన్నవారిలో స్టూడియో ఇంజినీర్లూ, ఆడియో ప్రియులూ ఉన్నారు. మొత్తం 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. వాల్యూమ్‌ను మామూలుగా ఎవరూ వినని స్థాయికి పెంచినప్పుడు, అదీ నిశ్శబ్దంగా ఉన్న చోట్ల, సీడీ దారిలోని సన్నని రొద మాత్రం దొరికింది.

ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో వచ్చిన ఆ పత్రం నుంచి అందరూ ఈ అంకెనే ఉదహరిస్తారు. అంతకన్నా ముఖ్యమైన మాట చివర్లో ఉంది. ఆ హై-రెజ్ డిస్కులు మామూలు సీడీలకన్నా నిజంగానే బాగున్నాయని రచయితలే ఒప్పుకున్నారు. అయితే ఆ గొప్ప ఫార్మాట్‌ది కాదన్నారు. కొనేవారు కొద్దిమంది, వాళ్లూ ఇంట్లో కూర్చుని శ్రద్ధగా వినేవాళ్లు. అందుకే పాటను వీలైనంత బిగ్గరగా నొక్కిపెట్టాలన్న ఒత్తిడి ఇంజినీర్ల మీద లేదు. మామూలు సీడీలను 1990ల నుంచి పాడుచేసింది ఆ ఒత్తిడే. అంటే జనం విన్న తేడా మాస్టరింగ్‌ది, పాట విడుదలకు ముందు చేసే చివరి ధ్వని సర్దుబాటుది. దానికి వసూలు చేసిన ధర ఫార్మాట్ పేరిట. నేటి గొడవలో సగం ఇక్కడే ఉంది.

ఆ పరీక్షలో వాడిన డిస్కుల్లో కొన్ని పాత రికార్డింగులని, వాటిలో సీడీకి అందని పై పౌనఃపున్యాలే ఉండకపోవచ్చని హై-రెజ్‌ను సమర్థించే ఎదుటిపక్షం అంది. అది న్యాయమైన అభ్యంతరమే. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రైస్ 18 అధ్యయనాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి లెక్కగట్టారు. సరైన జవాబులు 52.3 శాతం; శిక్షణ పొందినవారిలో దాదాపు 60. హై-రెజ్ పక్షం చేతిలో ఉన్న బలమైన ఆధారం ఇదే.

వ్యాపారం మాత్రం ఈ లెక్కలు తేలేదాకా ఆగలేదు. 2014లోనే గాయకుడు నీల్ యంగ్ తలపెట్టిన హై-రెజ్ పాటల యంత్రం పోనో ప్లేయర్ కోసం, జనం నుంచి డబ్బు పోగుచేసే సైటు కిక్‌స్టార్టర్‌లో 60 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. 2017కల్లా అది మూతపడింది. హై-రెజ్‌ను చిన్న ఫైల్లో ఇమిడ్చే పద్ధతిగా అదే 2014లో వచ్చిన ఎంక్యూఏ 2023లో దివాలా ప్రక్రియకు వెళ్లింది, మరుసటి ఏడాది పాటల యాప్ టైడల్ దాన్ని వదిలేసి ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫార్మాట్‌కు మారింది. హెడ్‌ఫోన్ పెట్టెల మీద కనిపించే బంగారు రంగు హై-రెజ్ ముద్రకు 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం దాకా పలకాలన్నది షరతు. మనిషి చెవి హద్దు 20. వయసుతో పాటు అదీ తగ్గుతుంది.

ఇక బ్లూటూత్ సంగతి. సీడీ ధ్వనికి కుదించకముందు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో ధ్వని పంపడానికి సోనీ తెచ్చిన పద్ధతి ఎల్‌డ్యాక్ ఎంత లాగినా 990 దాటదు. బ్లూటూత్‌లో లాస్‌లెస్‌ను మళ్లీ కుదించక తప్పదని, వైరు గానీ వైఫై గానీ వాడమని స్పాటిఫై తన ప్రకటనలోనే చెప్పింది. ఏఏసీ అనే కుదించిన ఫార్మాట్‌కూ లాస్‌లెస్‌కూ తేడా దాదాపు గుర్తుపట్టలేమని ఆపిల్ తన సహాయ పేజీలోనే రాసుకుంది.