ఏఐ పాటలు: బరంపురం, పర్లాకిమిడి పాటకారుల్లో తిరుగుతున్న అపోహలు

ఠాకురాణీ యాత్ర పాట, పెళ్లి పాట, దుకాణం ప్రకటన, ఎన్నికల పాట. ఒడిశాలో బరంపురం నుంచి రాయగడ దాకా తెలుగులో రాసేవాళ్లకి, ట్రాకు కట్టేవాళ్లకి నాలుగు డబ్బులు వచ్చేది వీటి మీదే. ఏఐ ముందుగా చెయ్యి పెడుతున్నదీ వీటి మీదే.

అపోహ: సునోలో (పాటలు కట్టే ఏఐ యాప్) నాలుగు మాటలు కొట్టాను, పాట వచ్చింది, అది నాదే.

వాస్తవం: ఉచిత ఖాతాలో చేసినదాన్ని అమ్ముకోకూడదు. డబ్బు కట్టినంత మాత్రాన కాపీరైటూ పుట్టదు. ఉత్త ప్రాంప్టు (ఏఐకి రాసిచ్చే ఆదేశం) ఇచ్చినవారు రచయిత కారని అమెరికా కాపీరైటు ఆఫీసు 2025 జనవరిలో చెప్పింది. మన చట్టంలో కంప్యూటరు రచనకు దాన్ని చేయించిన వ్యక్తే కర్త అనే మాట ఉంది గానీ, అది 1994లో చేర్చినది. దాని మీద ధీమా వద్దు. సాహిత్యం మీరే రాస్తే ఆ సాహిత్యం మాత్రం మీదే. కొట్టివేతలతో సహా చిత్తుప్రతి దాచండి, తేదీ వేయండి. కాపీరైటు నమోదుకు రుసుము సాహిత్యానికి 500 రూపాయలు, రికార్డింగుకు 2,000.

అపోహ: తెలుగు బాగానే పాడేస్తోంది కదా.

వాస్తవం: మైకులో బాగానే ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని పదం పదం వినండి. 'కళ' కాస్తా 'కల' అవుతుంది, 'వేళ్లు' కాస్తా 'వేలు' అవుతుంది. తాళంలో ఇరికించడానికి మాటను మధ్యలో విరుస్తుంది. తప్పిన పదాన్ని పలికే తీరులో విడగొట్టి రాసి, ఆ చరణం ఒక్కటే మళ్లీ చేయించాలి. అప్పటికీ కుదరకపోతే మనిషి చేత పాడించడమే దారి. అక్కడా చిక్కుంది. ఏఐ గొంతు తీసేసిన ట్రాకులో 'స', 'శ'ల బుస మిగిలిపోయి, కొత్త గొంతు వెనక పాత గొంతు నీడలా వినపడుతుంది. టెంపో (పాట వేగం) కూడా క్లిక్కుకి, అంటే లయ కొలిచే టిక్కు శబ్దానికి, నిలవదు. 100 బీపీఎం (నిమిషానికి 100 దెబ్బలు) అనుకుని డోలు వేస్తే రెండో చరణానికి తేడా వచ్చేస్తుంది. ముందుగా ప్రతి తాళావర్తం మొదట్లో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే వాయించాలి.

జముకు వాయిస్తూ చెప్పే జానపద కథ, జముకుల కథ ధోరణిలో ఏఐని అడిగి చూడండి, ఢోలక్ ఇస్తుంది. జముకులో తీగ చర్మం నడుమ నుంచి వస్తుంది. దాన్ని బిగించి వదులుతుంటే నాదం పైకీ కిందికీ జారుతుంది. కథకు ఊపిరి ఆ జారుడే. వాయించేవాళ్లని పిలిచి రికార్డు చేయండి, ఖర్చుకు వెనకాడొద్దు.

అపోహ: పెద్ద గాయకుడి గొంతు వాడి 'ఏఐ' అని రాస్తే చాలు.

వాస్తవం: చాలదు. అర్జిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా ఏఐతో క్లోన్ (నకలు) చేయొద్దని బాంబే హైకోర్టు 2024లో ఆపింది.

అపోహ: పాటలు వినే యాప్‌లలో వంద పాటలు ఎక్కిస్తే డబ్బే డబ్బు.

వాస్తవం: స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 సార్లు వినని పాటకు రాయల్టీ లేదు. అలాంటిదే మరో యాప్ డీజర్‌కి 2025 నవంబరు నాటికే రోజుకు 50,000 పైగా పూర్తి ఏఐ పాటలు వస్తున్నాయి. ఆ గుంపులో మీ పాట ఎవరికి దొరుకుతుంది?

అపోహ: కాగితం మీద సంతకం పెట్టాక రాయల్టీ పోయినట్టే.

వాస్తవం: మన కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత గేయ రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి వదిలేయడం కుదరదు. గాయకులు మాత్రం ఇప్పుడు ఒప్పందంలో ఒక వాక్యం వెతుక్కోవాలి: గొంతును ఏఐ శిక్షణకు వాడుకోవచ్చని. కనపడితే కొట్టించండి. కాదంటే దానికి వేరే ధర, వేరే కాగితం, గడువు తేదీతో సహా అడగండి.