గిమరాయెస్: ఆఖరి మ్యాచ్ లెక్క

ముంబై సిటీ ఎఫ్‌సీ కోచ్‌గా మనకు తెలిసిన అలెగ్జాండర్ గిమరాయెస్ గురించి చెప్పాలంటే 2002 జూన్ 13 నుంచి మొదలెట్టాలి.

ఆయన 1959లో బ్రెజిల్‌లో పుట్టారు. చిన్నప్పుడే కోస్టారికా చేరి, 1990 ప్రపంచ కప్‌లో ఆ దేశం తరఫునే ఆడారు. అప్పటి కోచ్ బోరా మిలుటినోవిచ్. 2001 జూన్‌లో గిమరాయెస్ కోచ్‌గా ఉన్న కోస్టారికా జట్టు మెక్సికో సొంత మైదానం ఆజ్టెకాలో ఆ దేశాన్ని 2-1తో ఓడించింది. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఆ మైదానంలో మెక్సికో ఓడిపోవడం అదే తొలిసారి. 2002 ప్రపంచ కప్‌లో మొదట చైనాపై 2-0. అటు చైనా కోచ్‌గా బెంచీ మీద ఉన్నదీ బోరానే!

తర్వాత టర్కీతో 1-1. జూన్ 13న బ్రెజిల్‌తో ఆఖరి గ్రూప్ మ్యాచ్‌కు ముందు కోస్టారికాకు 4 పాయింట్లు, గోల్ తేడా (కొట్టినవాటికీ ఇచ్చినవాటికీ తేడా) +2. టర్కీకి 1 పాయింటు, -1. తర్వాతి దశకు వెళ్లడానికి బ్రెజిల్‌తో డ్రా చాలు. 38 నిమిషాలకే 0-3 అయింది. అయినా వెనక్కి తగ్గలేదు. వాంచోపె, గోమెజ్ గోల్స్‌తో 56వ నిమిషానికి 2-3. అదే సమయానికి చైనాపై టర్కీ ఆధిక్యం 2-0. ఇద్దరి తేడా +1 అయినా, కొట్టిన గోల్స్ 5-4 కాబట్టి ఆ క్షణాన ముందున్నది కోస్టారికా. 62, 64 నిమిషాల్లో బ్రెజిల్ మరో రెండు కొట్టింది.

ఆ రోజు దూకుడుగా ఆడటమే కోస్టారికాను ముంచిందనడం సగమే నిజం. టర్కీ చివర్లో మూడో గోల్ కొట్టి +2కు చేరింది కాబట్టి 2-3ను కాపాడుకున్నా ఇంటికే. సమం చేయడమొక్కటే దారి. ఆ టర్కీయే టోర్నీలో మూడో స్థానంలో నిలిచింది.

2005లో కోస్టారికా కోచ్‌గా ఆయన్ను మళ్లీ పిలిపించారు. 2006 ప్రపంచ కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓటమే.

2016లో ముంబైలో కనిపించింది వేరే గిమరాయెస్. 14 లీగ్ మ్యాచ్‌ల్లో జట్టు ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ 8 మాత్రమే. 23 పాయింట్లతో అగ్రస్థానం. అప్పట్లో లీగ్‌లో మొదట నిలిచినవారికి షీల్డ్ అనే ట్రోఫీ లేదు, సెమీస్ గెలవాల్సిందే. కోల్‌కతాలో 3-2తో ఓడారు, పైగా ముంబై ఆటగాడు ఫోర్లాన్‌కు రెడ్ కార్డు. అతను లేని రెండో అంచె 0-0.

2019లో కొలంబియాలో అమెరికా డి కాలీ అనే క్లబ్బు ఆయన చేతికొచ్చింది. జూనియర్ అనే క్లబ్బుతో ఫైనల్ తొలి అంచె 0-0, రెండోది 2-0. 2008 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి లీగ్ టైటిల్.