తెల్లచుక్కలు పోయినంత మాత్రాన జబ్బు పోదు

చిరంజీవులైన పిల్లలకు,
ఆశీస్సులు.

సముద్రపు చేపల తొట్టె ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ గాభరా తప్పదు. పొద్దున్నే చూస్తే క్లౌన్ చేప రెక్కల మీద తెల్లచుక్కలు. వెంటనే షాపుకు పరిగెత్తి ఏదో ఒక సీసా తెచ్చి తొట్టెలో పోసేస్తారు. అది చాలాసార్లు మంచినీళ్ళ చేపల మందే అయి ఉంటుంది. రాగి ఉన్న మందైతే జబ్బు మాట అటుంచి పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. కాబట్టి మందు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు చేపను బాగా చూడండి.

మొదట నీళ్ళు పరీక్షించండి. అమ్మోనియా సున్నా ఉండాలి, ఉష్ణోగ్రత 25-26 డిగ్రీలు, సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. చేపలన్నీ ఒకేసారి పైకి వచ్చి రొప్పుతున్నాయంటే ముందుగా నీళ్ళనే అనుమానించాలి. ఒకటి రెండు చేపలకు మొదలై మిగతావాటికి పాకుతుంటే అది అంటుజబ్బు.

తర్వాత గడియారం పట్టుకుని మొప్పల మూత నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటోందో లెక్కపెట్టండి. ఈ లెక్క చేప బాగున్న రోజుల్లోనే ఒకసారి రాసిపెట్టుకుంటే, తేడా ఇప్పుడు ఇట్టే తెలుస్తుంది. ఆ పైన గదిలో లైటు ఆపి, టార్చిని తొట్టె పక్క నుంచి ఏటవాలుగా వేయండి. రెక్కల మీద ఉప్పు రవ్వంత చుక్కలు విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా ఉంటే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి తెచ్చే తెల్లచుక్కల జబ్బు, దీన్నే సముద్రపు ఇక్ అంటారు. పిండి చల్లినట్టు సన్నటి పొర కనబడి, చేప వెలుతురుకు దాక్కుంటూ, పంపు ప్రవాహానికి ఎదురుగా నిలబడి రొప్పుతుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు. ఒక్కోసారి వెల్వెట్ మొప్పల్లోనే ఉండి ఒంటి మీద ఏమీ కనబడదు, కానీ రెండు మూడు రోజుల్లో చేపను చంపేస్తుంది. క్లౌన్ చేప ఒంటి నుంచి తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి. దానికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. ఫార్మలిన్ విషం, మీరు ముట్టుకోకూడదు. చేపల వైద్యం తెలిసిన పెద్దవాళ్ళకు అప్పగించండి. రెక్క అంచున కాలీఫ్లవర్‌లా ముద్దకట్టిన బొడిపె మాత్రం వైరస్ వల్ల వచ్చే లింఫోసిస్టిస్. చేపకు మంచి తిండి పెట్టి దాని మానాన వదిలేయండి, మందు అక్కర్లేదు.

ఎక్కువగా వచ్చేది ఇక్ కాబట్టి దాని సంగతి బాగా అర్థం చేసుకోండి. మీకు కనబడే చుక్క, చేప చర్మం కింద దూరి తింటున్న పరాన్నజీవి. అది 3 నుంచి 7 రోజులు అక్కడ ఉండి, కడుపు నిండాక దానంతట అదే రాలిపోతుంది. రాలి, ఇసుకకో రాయికో అంటుకుని గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో ఒక్కటి వందలవుతుంది. అవి బయటికొచ్చి చేపను వెతుక్కుంటాయి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. చుక్కలు మాయమైన రోజున ‘తగ్గిపోయింది’ అని సంబరపడేవాళ్ళందరూ పొరబడేది ఇక్కడే. అది తగ్గడం కాదు, అడుగున పిల్లలు పెడుతోంది. వెల్లుల్లి తినిపించినా, వేడి పెంచినా, పగడాలకు హాని చేయదని రాసిన సీసా పోసినా చుక్కలు పోతాయి, ఎందుకంటే ఏమీ చేయకపోయినా పోతాయి!

తిత్తి కట్టిన పురుగు మళ్ళీ బయటికి రావడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజుల్లోపే చేపను అక్కడి నుంచి తీసేస్తే? మందు చుక్క లేకుండా ఇక్‌ను వదిలించే పద్ధతి ఇదే.

30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు తీసుకోండి. రెండు చిన్న క్లౌన్ చేపలకు అవి చాలు. ఒక్కో టబ్బుకు విడిగా హీటరు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోను, దాక్కోడానికి పీవీసీ ఎల్బో ముక్క. ఇసుక, రాయి వద్దు. మొదటి రోజు చేప ఒకటో టబ్బులోకి. 4వ రోజు రెండో దానిలోకి, 7వ రోజు కడిగిన ఒకటో దానిలోకి, 10వ రోజు, చివరిగా 13వ రోజు మళ్ళీ మార్పు. 72 గంటలు దాటకూడదు, రెండు మూడు గంటలు ముందే మార్చినా మంచిదే. వల వాడితే చేప జిగురు పోతుంది, రెక్కలు చిక్కుకుంటాయి. చిల్లుల గిన్నెతో ఎత్తి, నీళ్ళు కారనిచ్చి, కొత్త టబ్బులోకి వదలండి. పాత నీళ్ళు గ్లాసెడు కూడా వెంట రాకూడదు. అందుకే రెండు టబ్బుల ఉప్పదనం, వేడి ముందే సరిగ్గా ఒకేలా ఉంచుకోవాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి, అందాజు పనికిరాదు. ఖాళీ అయిన టబ్బును, అందులోని సామాను మొత్తాన్ని వెనిగర్‌తో కడిగి, ఎండలో ఒక రోజు పూర్తిగా ఆరబెట్టండి. తడి మిగిలితే తిత్తి బతికే ఉంటుంది. ఈ టబ్బులు పెద్ద తొట్టె పక్కనే పెట్టకండి, బుడగల తుంపర్లతో కూడా జబ్బు దాటుతుంది.

మొదలుపెట్టే ముందు ఉప్పు ఉందో లేదో చూసుకోండి. ఐదుసార్లు నింపాలంటే 150 లీటర్లు, లీటరుకు 36 గ్రాముల చొప్పున దాదాపు ఐదున్నర కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. వంట ఉప్పు కాదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ఆర్వో నీళ్ళు వాడి ఒకరోజు ముందే కలిపి గాలి పెట్టండి. కరెంటు పోతే చిన్న టబ్బులో గాలి త్వరగా అయిపోతుంది, బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోండి.

వెల్వెట్‌కు ఈ మార్పిడి చాలదు, దానికి రాగే కావాలి. అదీ విడి టబ్బులోనే. రాగి రెండు రకాలు. మామూలు కాపర్ సల్ఫేట్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. కీలేటెడ్, అంటే రాగిని మరో పదార్థంతో బంధించిన రకమైతే 2.0 నుంచి 2.5. సీసా మీది పేరు చదవకుండా మొదటిదాన్ని రెండోదాని లెక్కన పోస్తే చేప ఆ రోజే పోతుంది. కొలిచి పోసే పని నాన్నగారో అమ్మగారో చేయాలి, మీరు అంకెలు రాసుకోండి. రాగి కొలిచే కిట్‌తో ఉదయం, సాయంత్రం చూస్తూ 30 రోజులు అదే మోతాదు నిలపాలి. మధ్యలో తగ్గిందా, రోజులు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సిందే. ఇసుక, రాళ్ళు, బొగ్గు ఫిల్టరు రాగిని పీల్చేస్తాయి. అమ్మోనియాను బంధించే మందులు రాగితో కలపకండి. అమ్మోనియా పెరిగితే నీళ్ళే మార్చండి, కొత్త నీళ్ళలో కూడా అదే మోతాదు రాగి కలిపి.

ఇక పెద్ద తొట్టె. ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు ఖాళీగా ఉంచాలి. కొన్ని తిత్తులు 72 రోజుల దాకా ఆగి పగిలినట్టు తెలిసింది, అందుకే ఆ లెక్క. పగడాలు, రొయ్యలు, నత్తలు అక్కడే ఉండొచ్చు, వాటికి ఇక్ సోకదు. వారానికి రెండు మూడుసార్లు చిటికెడు మేత వేస్తే ఫిల్టరులోని బాక్టీరియా బతుకుతుంది. ఈ లోగా షాపు నుంచి ఒక్క చేప తెచ్చి వేసినా, షాపు సంచిలోని నీళ్ళు పోసినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. గోడ మీద కాలెండరులో తొలిరోజు చుట్టి, 77వ రోజు దగ్గర చేపల పేర్లు రాసుకోండి.

మీ తాతయ్య